రెజిమెంటల్ బజార్‌లో రెండు రూపాయలు: కొనుగోలుశక్తి సమానతా పరీక్షలపై ఒక విమర్శ

సంగ్రహం

రెండు దేశాల ద్రవ్యాల మధ్య మారకపు రేటు ఆ దేశాల ధరల నిష్పత్తిని అనుసరిస్తుందని కొనుగోలుశక్తి సమానతా సిద్ధాంతం చెబుతుంది. ఈ ప్రతిపాదనను పరీక్షించే అధ్యయనాలు ఎక్కువగా డాలరు, పౌను, యెన్ వంటి ద్రవ్యాల చుట్టూ సాగాయి. హైదరాబాదు సంస్థానంలో హాలీ సిక్కా, బ్రిటిషు ఇండియా వారి కలదారు రూపాయి దశాబ్దాల పాటు పక్కపక్కనే చెలామణి అయ్యాయి. దూరం, రవాణా ఖర్చు దాదాపు లేని ఈ ఉదాహరణను, ముఖ్యంగా సికింద్రాబాదులోని రెజిమెంటల్ బజార్‌ను ఆధారం చేసుకొని, ప్రామాణిక పరీక్షా పద్ధతుల బలాబలాలను ఈ వ్యాసం విమర్శిస్తుంది. పరీక్ష నెగ్గినంత మాత్రాన సిద్ధాంతం రుజువు కాదని, ఓడినంత మాత్రాన అది కొట్టుపడిపోదని, ఏ ధర ఏ ద్రవ్యంలో పుట్టిందో తెలియకుండా చేసే పరీక్ష అర్థరహితమని నిరూపించడం వ్యాసోద్దేశ్యం.

కీలక పదాలు: కొనుగోలుశక్తి సమానత, ఏక ధర సూత్రం, హాలీ సిక్కా, కలదారు, వట్టం, రెజిమెంటల్ బజార్, హైదరాబాదు సంస్థానం.

1. ఉపోద్ఘాతం

అంతర్జాతీయ అర్థశాస్త్రాన్ని తెలుగులో బోధించే తరగతి గదులలో కొనుగోలుశక్తి సమానతా సిద్ధాంతం సాధారణంగా ఒక సూత్రంగానూ, దాని కింద అయిదారు పరిమితుల జాబితాగానూ మిగిలిపోతున్నది. సూచీ సంఖ్యల చిక్కు, రవాణా ఖర్చులు, సుంకాలు, మూలధన ప్రవాహాలు అని విద్యార్థి వరుసగా రాస్తాడు. ఆ పరిమితులు ఎక్కడ, ఎంత మేరకు, ఎవరి మీద పనిచేశాయన్న ప్రశ్న మాత్రం ఉదయించదు. ఉదాహరణ ఎప్పుడూ భారతదేశం, అమెరికాల మధ్యనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య సముద్రాలు, చట్టాలు, ఆదాయ వ్యత్యాసాలు అన్నీ ఒకేసారి అడ్డుపడతాయి కనుక, సిద్ధాంతం విఫలమైతే కారణం ఏదో విడదీసి చెప్పడం కష్టం.

ఆ అడ్డంకులలో అధికభాగం లేని ఒక స్థలం మన చరిత్రలోనే ఉన్నది. హుసేన్‌సాగర్‌కు ఒకవైపు నిజాం రాజధాని, మరొకవైపు బ్రిటిషు సైనిక స్థావరం. ఒకచోట ప్రభుత్వ ద్రవ్యం హాలీ, మరొకచోట కలదారు. మధ్య దూరం కొన్ని మైళ్లు. ఒకే తిండి తిని, ఒకే బట్ట కట్టి, ఒకే భాషలు మాట్లాడే జనం ఇటునుండి అటు, అటునుండి ఇటు రోజూ నడిచారు. ఏక ధర సూత్రం ఎక్కడైనా నిలవాలంటే ఇక్కడ నిలవాలి. నిలిచిందా అన్నది ఒక ప్రశ్న. నిలిచిందని గాని లేదని గాని మన పరీక్షలు చెప్పగలవా అన్నది అంతకంటె మౌలికమైన ప్రశ్న. ఈ వ్యాసం రెండవ ప్రశ్నను చేపడుతుంది.

2. సిద్ధాంతం, దాని పరీక్షలు

స్వీడిష్ ఆర్థికవేత్త గుస్టావ్ కాసెల్ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఈ ఆలోచనకు ఆధునిక రూపమిచ్చి, 1918లో 'కొనుగోలుశక్తి సమానత' అన్న పేరు పెట్టాడు. యుద్ధంలో ఒక్కో దేశం ఒక్కో స్థాయిలో నోట్లు అచ్చువేసింది. యుద్ధానంతరం మారకపు రేట్లు ఎక్కడ కుదురుకోవాలన్నది ఆనాటి ప్రశ్న. ధరలు ఎంతగా పెరిగాయో చూసి రేటును సరిచేయమన్నది కాసెల్ సమాధానం. కీన్స్ 1923లో దీనిని పరిశీలిస్తూ, విదేశీ వ్యాపారంలోకి వచ్చే సరుకులకే పరిమితం చేస్తే ఈ సిద్ధాంతం దాదాపు స్వతఃసిద్ధ సత్యంగా మారిపోతుందని, అన్ని ధరలకూ వర్తింపజేస్తే సందేహాస్పదమవుతుందని సూచించాడు. ఆ విమర్శకు పదును నేటికీ తగ్గలేదు.

1964లో బలాస్సా, శామ్యూల్‌సన్ వేర్వేరుగా ఒక క్రమబద్ధమైన వివరణ ఇచ్చారు. సంపన్న దేశంలో వ్యాపార వస్తువుల ఉత్పాదకత ఎక్కువ, కనుక వేతనాలు ఎక్కువ. ఆ వేతనమే మంగలి, చాకలి, వంటమనిషి సేవలకూ చెల్లించాలి కనుక అక్కడి సాధారణ ధరల స్థాయి ఎక్కువగా ఉంటుంది. 1970ల నాటి తేలే మారకపు రేట్ల కాలంలో సిద్ధాంతం కుప్పకూలిందని ఫ్రెంకెల్ 1981లో రాశాడు. ఆ తరువాత డికీ-ఫుల్లర్ యూనిట్ రూట్ పరీక్షలు, సహ-సమాకలన పరీక్షలు, రెండు శతాబ్దాల దత్తాంశంతో లోథియన్, టేలర్‌లు 1996లో చేసిన అధ్యయనం వచ్చాయి. అదే సంవత్సరం రోగాఫ్ ఈ సాహిత్యాన్నంతా సమీక్షించి, వాస్తవ మారకపు రేటు సమానత నుండి తొలగితే ఆ తేడా సగానికి తగ్గడానికి 3 నుండి 5 సంవత్సరాలు పడుతుందన్న ఏకాభిప్రాయాన్ని నమోదు చేశాడు. స్వల్పకాలంలో అంతగా ఊగిసలాడే రేటు ఇంత నెమ్మదిగా ఎందుకు సర్దుకుంటుందన్నదే ఆయన పేర్కొన్న చిక్కుముడి.

మన అంశానికి మరింత దగ్గరగా ఉన్నది ఎంగెల్, రోజర్స్ 1996లో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలోని 14 నగరాలు, కెనడాలోని 9 నగరాల ధరలను పోల్చి, సరిహద్దు దాటడం వలన కలిగే ధరల చాంచల్యం ఒకే దేశంలో 75,000 మైళ్ల దూరం కలిగించే చాంచల్యానికి సమానమని వారు లెక్కకట్టారు. అయితే ఆ రెండు దేశాలలో లోపలి ధరల చాంచల్యమే భిన్నమైనప్పుడు, ఆ భిన్నత్వాన్ని సరిహద్దు ఖాతాలో వేయడం తగదని గొరోద్నిచెంకో, టెసార్ 2009లో ఆక్షేపించారు. అంటే సరిహద్దు వెడల్పును కొలిచే గజంబద్దలోనే లోపం ఉండవచ్చు. ఈ హెచ్చరికను వెంటబెట్టుకొని సికింద్రాబాదుకు రావాలి.

3. సుంకం మినహాయింపులో పుట్టిన బజారు

1798 నాటి సైన్య సహకార ఒప్పందం తరువాత బ్రిటిషు దళాలు హైదరాబాదు సమీపంలో స్థిరపడ్డాయి. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరిట ఆ స్థావరం సికింద్రాబాదు అయింది. సికింద్రాబాదుకు దిగుమతి అయ్యే సరుకులకు నిజాం సుంకం మినహాయింపు ఇవ్వడంతో అక్కడ వ్యాపారం లాభసాటిగా మారి, రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ వంటి కొత్త అంగళ్లు వెలిశాయి. 1874లో రైలు వచ్చింది. నేటికీ రెజిమెంటల్ బజార్ సికింద్రాబాదు రైల్వేస్టేషనుకు కూతవేటు దూరంలోనే ఉన్నది.

ఈ చరిత్రలో అర్థశాస్త్ర విద్యార్థి గమనించవలసిన విశేషమొకటి ఉంది. సుంకం లేనిచోట, సుంకం ఉన్నచోట సరుకు ధర ఒకటే అయితే ఈ బజారు పెరగడానికి అంతటి ప్రేరణ ఉండేది కాదు. పరిశోధకుడు దత్తాంశం చేతబట్టుకొని ఏక ధర సూత్రాన్ని పరీక్షించడానికి వచ్చే సమయానికే, ఆ సూత్రం నుండి తొలగిన ధరల తేడా ఒక బజారు రూపంలో కళ్లెదుట నిలబడి ఉంటుంది. ప్రామాణిక పరీక్షలు బజారును ధరలు సేకరించే నిష్పక్షపాత వేదికగా భావిస్తాయి. ఇక్కడ బజారే ధరల తేడాకు సంతానం.

4. ఏ సమానతను పరీక్షిస్తున్నాం?

హాలీ అంటే చెల్లుబాటులో ఉన్నది అని అర్థం. యంత్రం మీద అచ్చయిన నాణెం కనుక బ్రిటిషు రూపాయి కలదారు అయింది. హాలీ కూడా ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుండి చార్మినార్ ముద్రతో యంత్రం మీదనే తయారైంది. పేరులోని భేదం మాత్రం జనం నోట నిలిచిపోయింది. సంస్థానం చివరి దశాబ్దాలలో స్థిరపడిన రేటు 100 కలదారు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. పలకడానికి చిత్రంగా ఉన్నా ఇది సూటియైన నిష్పత్తే: ఆరు కలదారులకు ఏడు హాలీలు.

ఈ ఏడు-ఆరు ఎక్కడిది? కలదారు రూపాయి బరువు సుమారు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. అంటే సుమారు 10.69 గ్రాముల శుద్ధ వెండి. హాలీ బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే సుమారు 9.14 గ్రాములు. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 1.169 వస్తుంది. ఏడును ఆరుతో భాగిస్తే 1.167. రెండింటి మధ్య తేడా పావు శాతం కూడా లేదు. కనుక ఈ రేటు మూలంలో ఉన్నది వెండి సమానత. బియ్యం, బట్ట, కూలి ధరలను పోల్చి ఎవరూ దానిని నిర్ణయించలేదు.

ఇక్కడ మూడు వేర్వేరు సమానతలను విడదీయాలి. ఒకటి, నాణెంలోని లోహాల సమానత. రెండు, సరాఫు అంగట్లో వట్టం పోగా చేతికి వచ్చే రేటు. మూడు, ఆ డబ్బుతో వచ్చే సరుకుల సమానత. కాసెల్ మాట్లాడింది మూడవదాని గురించి. లోహ ద్రవ్యాల కాలంలో మొదటిది రెండవదానికి లంగరు వేస్తుంది. రెండవదానికీ మూడవదానికీ గల సంబంధమే పరీక్షించవలసిన అంశం. రేటు ఏడు-ఆరుగా నిలకడగా ఉన్నదని చూపి కొనుగోలుశక్తి సమానత నెగ్గిందనడం, మొదటిదానిని చూపి మూడవది రుజువైందనడమే అవుతుంది.

దీనికి మరొక నిదర్శనం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రెండు రూపాయలలోనూ వెండి పాలు సగానికి తగ్గింది. లోహపు పునాది కదిలినా నిష్పత్తి కదలలేదు. అప్పటికి దానిని నిలబెట్టినవి ప్రభుత్వ నిల్వలు, మార్పిడి హామీ, అలవాటు. లోహం నుండి పుట్టిన రేటు క్రమంగా రివాజుగా మారిపోయింది.

5. అయిదు శాతం పట్టీ

1802 నాటి వాణిజ్య ఒప్పందం కంపెనీ, నిజాం రాజ్యాల మధ్య సరుకులపై సుంకాన్ని 5 శాతంగా నిర్ణయించింది. సంస్థానంలో ఈ సుంకాల వ్యవస్థనే కరోడ్‌గిరి అన్నారు. సికింద్రాబాదులో 6 కలదారు రూపాయలు పలికే సరుకు ఒకటి ఉన్నదనుకుందాం. నగరంలోకి తీసుకువెళ్లేటప్పుడు దానిపై 5 శాతం సుంకం పడుతుందనుకుందాం. నగరంలో దాని ధర 7 హాలీ రూపాయల నుండి 7 రూపాయల 5 అణాల 7 పైల వరకు ఎక్కడ ఉన్నా, ఇక్కడ కొని అక్కడ అమ్మి లాభపడదామని ఏ వ్యాపారీ కదలడు. తిరుగు దారిలోనూ సుంకం ఉంటే కింది హద్దు సుమారు 6 రూపాయల 10 అణాల 8 పైలు.

ఈ రెండు హద్దుల మధ్య ధర ఎటు కదిలినా దానిని వెనక్కి లాగే శక్తి లేదు. హద్దు దాటినప్పుడే సరుకు నడుస్తుంది. 1916లోనే ఎలి హెక్షర్ దీనిని సరుకుల హద్దుబిందువుల ఆలోచనగా చెప్పాడు. ఆబ్స్ట్‌ఫెల్డ్, అలన్ టేలర్ 1997లో దానికి గణాంక రూపమిచ్చారు. సరళరేఖా పరీక్ష ఈ పట్టీని గుర్తించదు. పట్టీ లోపలి నిశ్చలతను, బయటి చురుకుదనాన్ని కలిపి సగటు తీసి, సర్దుబాటు నెమ్మదిగా ఉన్నదని ప్రకటిస్తుంది. రోగాఫ్ చెప్పిన చిక్కుముడిలో కొంత భాగం ఈ సగటు సృష్టించినదే. ఒక ధర 7 రూపాయల 3 అణాలు ఉంటే పరీక్షకుడు తప్పు పట్టవచ్చు; కరోడ్‌గిరి నాకా మీదుగా బండి తోలే వ్యాపారికి ఆ ధరలో తప్పేమీ కనిపించదు. సరుకు నడవాలా వద్దా అని నిర్ణయించేవాడు వ్యాపారే కనుక పరీక్ష కూడా అతని లెక్కతో మొదలుకావాలి.

6. అనువాదమైన ధర రుజువు కాదు

ఇంతకంటె లోతైన చిక్కు మరొకటి. రెండు ద్రవ్యాలూ చేతులు మారే బజారులో దుకాణదారు ఒక సరుకు ధరను తాను కొన్న ద్రవ్యంలో నిర్ణయించుకొని, రెండవ ద్రవ్యంతో వచ్చిన గిరాకీకి ఏడు-ఆరు లెక్కన మార్చి చెబుతాడు. అటువంటి ధరలను సేకరించి, మారకపు రేటుతో భాగించి, అవి సమానమని తేల్చడంలో వింత లేదు. మనం కొలిచింది దుకాణదారు గుణకార సామర్థ్యాన్ని మాత్రమే.

ఇది కీన్స్ చెప్పిన స్వతఃసిద్ధ సత్యానికి బజారు రూపం. నేటి అధ్యయనాలలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉన్నది. డాలర్లలో ధర నిర్ణయమయ్యే ముడిచమురు, బంగారం వంటివి సూచీలో ఎక్కువ తూకంతో ఉంటే పరీక్ష నెగ్గుతుంది; ఇంటి అద్దె, ట్యూషన్ ఫీజు ఎక్కువగా ఉంటే ఓడుతుంది. నెగ్గడం, ఓడడం సిద్ధాంతం గుణమా, బుట్ట గుణమా అన్నది తేలదు. ఒకే వీధిలో అమ్ముడయ్యే రెండు రకాల ధరలను విడిగా చూసినప్పుడే వెలుగు పడుతుంది: రైలు మీద వచ్చిన గుడ్డ ధర, ఆ గుడ్డను కుట్టిన దర్జీ కూలి. మొదటిది కలదారులో పుట్టి హాలీలోకి అనువాదమయ్యే అవకాశం ఎక్కువ. రెండవది ఎవరి వద్ద పని దొరుకుతుంది, జీతం ఏ ద్రవ్యంలో వస్తుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. దండులోని సిపాయి జీతం కలదారులో, నిజాం సర్కారు గుమాస్తా జీతం హాలీలో వచ్చేవి. ఇద్దరికీ కుట్టిపెట్టే దర్జీ ఒక్కడే అయినప్పుడు అతని కూలి ఏ నిష్పత్తిలో నిలుస్తుందో అదే అసలైన పరీక్ష.

7. లెక్కల పుస్తకంలోని ఉచ్చులు

బ్రిటిషు ఇండియా ధరల నివేదికలలో తిండిగింజల ధరలను రూపాయికి ఇన్ని సేర్లని నమోదు చేసేవారు. ఈ పద్ధతిలో అంకె పెరిగితే ధర తగ్గినట్లు. తలకిందులైన ఈ అంకెలకు సగటు తీయడం ప్రమాదం. ఒక నెల రూపాయికి 8 సేర్లు, మరొక నెల 12 సేర్లు అయితే సగటు 10 సేర్లని సాధారణంగా రాస్తారు. ధరల సగటు తీసి తిరిగి సేర్లలోకి మారిస్తే వచ్చేది 9.6 సేర్లు. నాలుగు శాతం తేడా కేవలం అంకగణితం వలన పుట్టింది. అయిదు శాతం పట్టీని పరీక్షించే చోట నాలుగు శాతం తప్పు చిన్నది కాదు.

రెండవ ఉచ్చు కాలం. సంస్థానపు ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటివారంలో ఆజూరు మాసంతో మొదలవుతుంది. బ్రిటిషు ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఫసలీ 1350 అంటే 1940-41 అని రాసుకొని వార్షిక సగటులను పక్కపక్కన పెడితే, ఒక పట్టికలో వానాకాలపు పంట ముందు, మరొక పట్టికలో వెనుక పడుతుంది. పంట చేతికొచ్చే నెలకూ, గాదెలు అడుగంటే నెలకూ ధరలలో ఉండే సహజమైన తేడా మారకపు రేటు తేడాగా వేషం మార్చుకుంటుంది.

మూడవది కొలత. తూచే సేరు, కొలిచే సేరు ఒకటి కావు. పల్లాలలో రాసిన టోకు ధరలు, కుంచాల్లో మానికల్లో జరిగిన చిల్లర అమ్మకాలు నేరుగా పోల్చదగినవి కావు. మెట్రిక్ తూనికలకు ముందటి ఏ ధరల పరిశోధనకైనా మొదటి అధ్యాయం కొలతలదే కావాలి. ద్రవ్యం కంటె ముందు మానికకు సమానత కట్టవలసి ఉంటుంది.

8. పరీక్షకు పనికివచ్చే నాలుగు సందర్భాలు

రేటు నిశ్చలంగా ఉన్నప్పుడు పరీక్ష మూగదవుతుందని చూశాం. కనుక రేటు గాని, సరిహద్దు గాని కదిలిన సందర్భాలను వెతకాలి. హైదరాబాదు చరిత్రలో అవి కనీసం నాలుగు.

మొదటిది 1893. హెర్షెల్ కమిటీ సిఫారసు మేరకు ఆ ఏడాది జూన్‌లో బ్రిటిషు ఇండియా టంకశాలలు ప్రైవేటు వెండికి తలుపులు మూశాయి. కలదారు విలువకు వెండి ధరతో ఉన్న ముడి తెగింది. హాలీ మాత్రం వెండి ఒడుదొడుకులకు మరింతగా గురి అయింది. లోహ సమానత లంగరు తెగిన ఈ దశలో రేటు ముందు కదిలిందా, ధరలు ముందు కదిలాయా అన్నది అడగదగిన ప్రశ్న.

రెండవది 1918. కాసెల్ తన సిద్ధాంతానికి పేరు పెట్టిన సంవత్సరంలోనే, యుద్ధకాలపు వెండి కొరత నేపథ్యంలో హైదరాబాదు కాగితపు ద్రవ్య చట్టం వచ్చింది. నిజాం ప్రభుత్వం నోట్లు జారీ చేసింది. ఐరోపాలో కాసెల్ చూసిన సమస్య, అంటే నోటు పరిమాణం పెరిగితే దాని కొనుగోలుశక్తి ఏమవుతుందన్నది, ఇక్కడ కూడా అప్పుడే ప్రశ్నగా మారింది.

మూడవది 1947-48. యథాతథ ఒప్పందం 1947 నవంబరు 29న కుదిరింది. ఆ వెంటనే నిజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది: ఒకటి విలువైన లోహాల ఎగుమతిని నియంత్రించింది, రెండవది సంస్థానంలో భారత ద్రవ్యం చెల్లుబాటును తొలగించింది. ఆ పైన ఆర్థిక దిగ్బంధం. వస్తువుల రాకపోకలు, ద్రవ్యాల మార్పిడి రెండూ ఏకకాలంలో అడ్డగించబడిన ఈ నెలలలో అధికారిక నిష్పత్తి కాగితం మీద ఏడు-ఆరుగానే ఉన్నా, ధరలు చెప్పే నిష్పత్తి అదే అయి ఉండాలన్న నిబంధన లేదు. రాజకీయ చరిత్రకారులు విస్తారంగా రాసిన ఈ కాలాన్ని ధరల చరిత్రగా చదవడం అవసరం.

నాలుగవది విలీనం తరువాతి మార్పిడి. 1950లో భారత రూపాయి ప్రవేశించింది. ఏడు హాలీలకు ఆరు రూపాయలన్న నిష్పత్తే కొనసాగింది. 1951లో హాలీ జారీ ఆగింది. 1959 నాటికి దాని చెల్లుబాటు పూర్తిగా ముగిసింది. ఈ నాలుగవ సందర్భం సామాన్యుని జీవితానికి అత్యంత సన్నిహితమైనది కనుక దానిని విడిగా చూడాలి.

9. పావు అణా న్యాయం

ఏడు-ఆరు నిష్పత్తి పెద్ద మొత్తాలకు చక్కగా సరిపోతుంది. ఒక కలదారు అణాకు హాలీలో 14 పైలు, అంటే ఒక అణా రెండు పైలు. అర అణాకు 7 పైలు. ఇంతవరకు శేషం లేదు. పావు అణా దగ్గరకు వచ్చేసరికి లెక్క తెగదు: మూడు పైల కలదారుకు మూడున్నర పైల హాలీ కావాలి. అర పై నాణెం లేదు. దుకాణదారు నాలుగు పైలు అడిగితే కొనేవాడికి 14 శాతం నష్టం. మూడు పైలకే ఇస్తే అమ్మేవాడికి 14 శాతం నష్టం. రెండు ద్రవ్యాలలోనూ పావు అణాయే ధరగా నిలిస్తే, కలదారుతో కొన్నవాడు హాలీతో కొన్నవాడికంటె ఆరింట ఒక వంతు, అంటే 16.7 శాతం, ఎక్కువ చెల్లించినట్లు.

ఇప్పుడు దీనిని 1950 తరువాతి కుటుంబానికి వర్తింపజేద్దాం. హాలీలో 70 రూపాయల జీతగాడికి కొత్త ద్రవ్యంలో 60 రూపాయలు వస్తాయి. బియ్యం, గుడ్డ వంటి పెద్ద కొనుగోళ్ల ధరలు కూడా ఏడు నుండి ఆరుకు దిగితే అతనికి ఆ మేరకు నష్టం లేదు. తమలపాకులు, అగ్గిపెట్టె, కూరాకు కట్ట, గ్లాసు చాయ్ వంటి చిల్లర సరుకుల ధర అణాలలోనే పలికేది. హాలీ అణా ఉన్నచోట కొత్త అణా వచ్చి కూర్చుంటే, పేరు మారకుండానే ధర 16.7 శాతం పెరిగినట్లు. కుటుంబ ఖర్చులో నాలుగో వంతు ఇటువంటి చిల్లర కొనుగోళ్లదే అయితే, మొత్తం జీవన వ్యయం 4 శాతానికి పైగా పెరుగుతుంది. నెలసరుకు టోకున తెచ్చుకునే ఇంటికి ఈ భారం తక్కువ. ఏ రోజు కూలితో ఆ రోజు కొనుక్కునే ఇంటికి ఎక్కువ. ఒకే నిష్పత్తి అందరికీ ఒకే న్యాయం చేయదు.

ప్రామాణిక పరీక్షలలో ఈ భేదం అదృశ్యమవుతుంది. వినియోగదారు ధరల సూచీ ఒక్కటే తీసుకొని, అది మారకపు రేటుకు సుమారుగా సరిపోయిందని రాస్తే, తేడా ఎవరి కంచంలో నుండి పోయిందో కనిపించదు. ఇది హైదరాబాదుకే పరిమితమైన సంగతి కాదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినప్పుడు అణా 6.25 నయాపైసలయింది, ఆ పావు పైసా ఎవరిదన్న ప్రశ్న అప్పుడూ తలెత్తింది. 2002లో యూరో నాణేలు చేతికి వచ్చినప్పుడు, సూచీలు పెద్ద మార్పు చూపకపోయినా కాఫీ, రొట్టె ధరలు పెరిగాయని ఐరోపా జనం గట్టిగా నమ్మారు. చిల్లర ధరలను విడిగా తూచితే ఆ నమ్మకం అకారణం కాదని అర్థమవుతుంది.

10. రూపాయి–డాలరు పరీక్షలకు వర్తింపు

పై విమర్శ నేటి పరిశోధనకూ వర్తిస్తుంది. రూపాయి-డాలరు మారకంపై యూనిట్ రూట్ పరీక్షలు చేసే విద్యార్థి 1949, 1966, 1991 నాటి మూల్యహీనీకరణలను విరామ బిందువులుగా గుర్తించాలి. రేటు ప్రధానంగా మార్కెట్‌కు వదిలినది 1993 మార్చి నుండి మాత్రమే. సమానతకు తిరిగివచ్చే అర్ధాయువు 4 సంవత్సరాలనుకుంటే, వార్షిక సహసంబంధ గుణకం సుమారు 0.84. ముప్పై వార్షిక పరిశీలనలతో 0.84ను 1 నుండి వేరుచేసే శక్తి డికీ-ఫుల్లర్ పరీక్షకు చాలా తక్కువ. నెలవారీ దత్తాంశం తీసుకొని పరిశీలనల సంఖ్యను పెంచినా కాల విస్తృతి పెరగదు కనుక శక్తి పెద్దగా పెరగదు. అటువంటి పరీక్ష తరువాత 'సిద్ధాంతం తిరస్కరించబడింది' అని రాయడం తొందరపాటు. స్థిర రేట్ల కాలం, తేలే రేట్ల కాలం కలిపి ఒకే శ్రేణిగా పరీక్షించడమూ అంతే. రేటు తేలడం మొదలైతే వాస్తవ మారకపు రేటు చాంచల్యం అమాంతం పెరుగుతుందని ముస్సా 1986లోనే చూపాడు.

స్థాయిల పోలిక మరొక విషయం. అంతర్జాతీయ పోలికల కార్యక్రమం 2017 ఫలితాలలో భారత రూపాయి కొనుగోలుశక్తి సమానత డాలరుకు 20.65, అప్పటి మారకపు రేటు 65.12. మార్కెట్ రేటుతో లెక్కిస్తే అమెరికాలో 100 రూపాయల బుట్ట ఇక్కడ సుమారు 32 రూపాయలకు వస్తుందన్నమాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసే మనవారి జీతాన్ని మార్కెట్ రేటుతో గుణించి మురిసిపోవడమూ, అదే జీతాన్ని 20.65తో గుణించి తీసిపారేయడమూ రెండూ సగం లెక్కలే. అక్కడ ఖర్చుపెట్టే భాగానికి ఒక రేటు, ఇక్కడికి పంపే భాగానికి మరొక రేటు వర్తిస్తాయి. హాలీలో జీతం తీసుకొని కలదారు బజారులో సరుకులు కొన్న గుమాస్తాకు ఈ విడదీత ఎవరూ నేర్పనక్కరలేదు.

11. ముగింపు

ఈ పరిశీలన నుండి తేలిన అంశాలు:

• హాలీ-కలదారు నిష్పత్తి మూలంలో ఉన్నది వెండి సమానత. అది నిలకడగా ఉండడాన్ని కొనుగోలుశక్తి సమానతకు రుజువుగా చూపడం తగదు.

• ధర పుట్టిన ద్రవ్యాన్ని, అనువాదమైన ద్రవ్యాన్ని విడదీయని పరీక్ష తన ఊహను తానే రుజువు చేసుకుంటుంది. కనుక వ్యాపార వస్తువులు, స్థానిక సేవల ధరలను వేరువేరుగా పరీక్షించాలి.

• సుంకం ఉన్నచోట సమానతను ఒక బిందువుగా గాక ఒక పట్టీగా భావించాలి. పట్టీ లోపలి తేడాను వైఫల్యంగా లెక్కించకూడదు.

• రూపాయికి సేర్ల లెక్క, ఫసలీ సంవత్సరం, కొలతల భేదం సరిచేయకుండా చారిత్రక ధరలను గణాంక నమూనాలోకి ఎక్కించకూడదు.

• ద్రవ్య మార్పిడి వలన కలిగే నష్టం చిల్లర కొనుగోళ్ల మీద, తద్వారా పేద కుటుంబాల మీద ఎక్కువగా పడుతుంది. సగటు సూచీ దీనిని దాచిపెడుతుంది.

సంస్థానపు పరిపాలనా నివేదికలు, బ్రిటిషు ధరల పట్టికలు, వ్యాపార కుటుంబాల ఖాతాపుస్తకాలు ఈ పరిశోధనకు ముడిసరుకు. వీటిలో మూడవది అత్యంత విలువైనది, అత్యంత త్వరగా నశించేది. ఒకే పేజీలో హాలీ, కలదారు జమాఖర్చులు రెండూ రాసిన దుకాణదారు చేతిలో ఏ ధర మూలమో, ఏది అనువాదమో తెలిపే ఆధారం ఉంటుంది. ఆర్థిక గణాంకాలు నేర్చిన విద్యార్థికి ఉర్దూ, మోడీ, తెలుగు చేతిరాతల ఖాతాలు చదవడం రాదు. చదవగలిగిన చరిత్ర విద్యార్థికి సహ-సమాకలనం రాదు. మన విశ్వవిద్యాలయాలలోని ఈ రెండు శాఖలు కలిసి పనిచేస్తే, కాసెల్ ప్రశ్నకు సికింద్రాబాదు నుండి ఒక స్వతంత్రమైన సమాధానం రాయవచ్చు.